లండన్ బస్సులో పైఅంతస్తు, ముందు సీటు

మొదటి రోజు

నాన్నకు మోకాళ్ల నొప్పులు. లండన్ భూగర్భ రైలుకు ఎంత పేరున్నా, పాత స్టేషన్లలో చాలావాటికి లిఫ్టు లేదు. మెట్లు దిగాలి, సొరంగాల్లో నడవాలి, మళ్లీ మెట్లెక్కాలి. అందుకే విమానం ఎక్కకముందే ఒక మాట అనుకున్నాం: నాలుగు రోజులూ బస్సుల్లోనే తిరుగుదాం, ఎంత ఆలస్యమైనా సరే. ఆయన మోకాళ్ల మీద జాలితో నేనన్న మాట అది. ఆయన అంత చప్పున ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది. ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి మరి.

2024 మే నెల. విక్టోరియా స్టేషన్‌కు దగ్గర్లో, పిమ్లికోలో దిగాం. సామాను గదిలో పడేసి, టీ తాగి, సాయంత్రం అయిదింటికి రోడ్డు మీదకొచ్చాం. 24వ నంబరు బస్సు వస్తుంటే చెయ్యెత్తాను. ఆగింది. ఆగడమే కాదు, ఉస్సుమంటూ ఎడమవైపుకు కాస్త ఒరిగి, ఫుట్‌పాత్ ఎత్తుకు దిగింది. నాన్న ఎక్కకుండా అక్కడే వంగి చక్రం వైపు చూస్తున్నారు. "గాలి వదులుతున్నాడు, సస్పెన్షన్లో" అన్నారు. వెనక జనం ఆగిపోయారు. "నాన్నా, ముందు ఎక్కండి" అన్నాను.

నా కార్డు రీడరు మీద ఆనించాను, పచ్చ దీపం వెలిగింది. నాన్న కోసం అదే కార్డు మళ్లీ ఆనించాను. ఈసారి ఎర్ర దీపం, గుర్రుమని ఒక చప్పుడు. గాజు తలుపు వెనక నుంచి డ్రైవరు రెండు వేళ్లు చూపించాడు. ఇద్దరికి రెండు కార్డులుండాలి. పర్సులో పౌండ్ల నోట్లున్నాయి గానీ వాటితో పని లేదు. లండన్ సిటీ బస్సుల్లో 2014 జూలై నుంచి డబ్బు తీసుకోరు. చివరికి ఫోనులో ఉన్న కార్డు ఆనిస్తే అది నాన్న టిక్కెట్టయింది. ఒకే బ్యాంకు ఖాతా అయినా ఫోనును వేరే కార్డుగానే లెక్కిస్తారు. టిక్కెట్టు కాగితం రాదు, కండక్టరు లేడు, దిగేటప్పుడు మళ్లీ ఆనించే పనీ లేదు. "చిల్లర గొడవ లేదు" అన్నారు నాన్న. కాసేపాగి, "మాట్లాడే మనిషీ లేడు" అన్నారు.

పైఅంతస్తుకెక్కి, అదృష్టం కొద్దీ ఖాళీగా ఉన్న ముందు సీట్లలో కూర్చున్నాం. రెండు స్టాపులు దాటామో లేదో, బస్సు ఆగిపోయింది. దీపాలు ఆరాయి. అదే ఆఖరి స్టాపట. తప్పు దిక్కు బస్సెక్కించాను. వాహనాలు ఎడమవైపే నడిచే దేశంలో కూడా రోడ్డుకు తప్పు పక్కన నిలబడటం నా ప్రతిభ. ఒక సంగతి నేర్చుకున్నాను: ఊళ్లో చాలా స్టాపు స్తంభాల నెత్తిన ఎర్రటి గుండ్రంలో ఇంగ్లిషు అక్షరం ఉంటుంది. ఒకే పేరుతో చుట్టుపక్కల నాలుగైదు స్టాపులుంటాయి కాబట్టి పేరు కాదు, ఆ అక్షరం చూసుకోవాలి.

తిరిగి వెళ్లే బస్సెక్కితే మళ్లీ చార్జీ పడలేదు. 2024లో ఒకసారి 1.75 పౌండ్లు కడితే గంటలోపు ఎన్ని బస్సులైనా మారనిచ్చేవారు. రోజంతా తిరిగినా 5.25 పౌండ్లు దాటి తీసుకునేవారు కాదు. నా పొరపాటు ఉచితంగానే తేలింది.

ఈ 24వ నంబరు 1912 నుంచి దాదాపు ఇదే దారిలో నడుస్తోందని చెబితే నాన్న ఆశ్చర్యపోయారు. "వందేళ్లు ఒకే రూటా? అయితే డ్రైవర్లకు గుంతలన్నీ పేర్లతో సహా తెలిసి ఉంటాయి."

పార్లమెంటు స్క్వేర్ మలుపులో గడియారపు గోపురం ఒక్కసారిగా అద్దం నిండా వచ్చింది. అందరూ బిగ్ బెన్ అనేది నిజానికి లోపలున్న పెద్ద గంట పేరు. దాని బరువు 13.7 టన్నులు. గోపురానికి 2012లో ఎలిజబెత్ టవర్ అని పేరు పెట్టారు. నేను ఫోటోలు తీస్తూ ఈ సంగతులు చెబుతున్నాను. నాన్న కిందికి చూస్తున్నారు. "ఇంత పొడుగు బండిని ఆ సైకిలు వాడికి తగలకుండా ఎలా తిప్పాడో చూశావా?" చూడలేదు. నేను గోపురం చూస్తున్నాను.

ట్రఫాల్గర్ స్క్వేర్‌లో దిగి, నెల్సన్ స్తంభం కింద సింహాల పక్కన కూర్చున్నాం. ఎదురుగా ఎర్ర బస్సులు తిరునాళ్లలో బళ్లలా ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఈ ఎరుపు కూడా ఒక వ్యాపార యుక్తే. 1907లో, అప్పటికి ఎన్నో కంపెనీల బస్సులు పోటీపడుతున్న రోజుల్లో, లండన్ జనరల్ ఆమ్నిబస్ కంపెనీ తన బళ్లు దూరం నుంచే గుర్తుపట్టేలా ఎర్ర రంగు వేయించింది. ఆ రంగే ఊరికి గుర్తయి కూర్చుంది.

రెండో రోజు

ఇవాళ టూరు బస్సు. మేడకు పైకప్పు లేదు, చెవుల్లో పెట్టుకోవడానికి ఇయర్‌ఫోన్లు ఇచ్చారు, కావలసిన చోట దిగి తర్వాతి బస్సు ఎక్కవచ్చు. టిక్కెట్టు సిటీ బస్సు రోజు చార్జీకి ఆరేడు రెట్లు. భాషల జాబితాలో తెలుగు లేదు. నాన్నకు ఇంగ్లిషు అర్థమవుతుంది గానీ ఈ గొంతు వేగం అందక, "నువ్వే చెప్పు" అని ఇయర్‌ఫోన్లు తీసేశారు. దాంతో ఆ రోజంతా నేను నడిచే టేపు రికార్డరునయ్యాను.

మొదటి గంట బాగుంది. స్ట్రాండ్ మీదుగా, ఒకప్పుడు పత్రికాఫీసులతో కిటకిటలాడిన ఫ్లీట్ స్ట్రీట్‌లోకి వెళుతుంటే, వీధి చివర సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటం కొంచెం కొంచెంగా పైకి లేస్తుంది. బస్సులో వెళ్లేవారికి మాత్రమే దక్కే దృశ్యం ఇది. రైల్లో వచ్చేవాడు నేలలోంచి పైకొచ్చేసరికి గుమ్మటం నెత్తిమీద ఉంటుంది. ఈ చర్చిని క్రిస్టఫర్ రెన్ అనే వాస్తుశిల్పి 1675లో మొదలుపెట్టి 1710 నాటికి పూర్తి చేశాడు. 1666 సెప్టెంబరులో పుడింగ్ లేన్‌లోని ఒక రొట్టెల దుకాణంలో రేగిన నిప్పు పాత చర్చిని, 13 వేలకు పైగా ఇళ్లను కాల్చేశాక కట్టిందిది. ఆ మంటల గుర్తుగా నిలిపిన మాన్యుమెంట్ స్తంభం 202 అడుగులు. ఆ స్తంభం నుంచి రొట్టెల దుకాణం ఉన్న చోటికి దూరమూ 202 అడుగులే. పైకి 311 మెట్లు. నాన్న మోకాళ్ల వంక చూసుకుని నవ్వారు.

తర్వాత వాన వచ్చింది. పై సీట్ల వాళ్లందరం కింది అంతస్తుకు దిగితే అక్కడ నిలబడటానికే చోటు లేదు. అద్దాలు ఆవిరి పట్టాయి. ఎక్కడో రోడ్డు తవ్వుతున్నారని బస్సును వేరే దారి పట్టించారు. చెవిలో గొంతుకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ఎడమవైపు చూడండి, ఇదే ఫలానా భవనం అంటోంది. ఎడమవైపు ఒక లారీ. ఆ గొంతు చెప్పడానికి ఏమీ లేనప్పుడు సంగీతం మొదలుపెడుతుంది. మేం పద్దెనిమిది నిమిషాలు సంగీతం విన్నాం.

టవర్ ఆఫ్ లండన్ దగ్గర దిగాం. పదకొండో శతాబ్దంలో విలియం రాజు మొదలుపెట్టిన కోట. లోపల రాజకిరీటాల గదిలో కోహినూరు ఉన్న కిరీటముంది. వజ్రం బరువు 105.6 క్యారెట్లు. కృష్ణా తీరంలోని కొల్లూరు గనుల్లో దొరికిందని చెబుతారు. కిరీటాల ముందు ఎవరూ ఆగిపోకుండా కదిలే నడకదారి వేశారు. నిలబడితే చాలు, అదే మెల్లగా లాక్కుపోతుంది. ఫోటోలు తీయనివ్వరు. "ఇదీ బస్సే" అన్నారు నాన్న, "స్టాపులు లేవు, అంతే." కోహినూరు కోసం ఆ నడకదారి మూడుసార్లు ఎక్కారు. మూడోసారి కాపలా మనిషి కూడా చిరునవ్వు నవ్వాడు.

బయటకు వచ్చేసరికి మా టూరు బస్సుల్లో ఆఖరిది వెళ్లిపోయింది. టిక్కెట్టు వెనక సన్నని అక్షరాల్లో వేళలు రాసే ఉన్నాయి, చదవని తప్పు నాది. అయితే ఉదయం అమ్మేటప్పుడు ఆ మాట నోటితో ఒక్కరైనా చెప్పి ఉండవచ్చు. స్టాపులో నిలబడి విసుక్కుంటుంటే 15వ నంబరు సిటీ బస్సు వచ్చింది. ఎక్కి మేడమీద కూర్చున్నాక గానీ తెలియలేదు, ఇది మమ్మల్ని పొద్దున వచ్చిన దారినే వెనక్కి తీసుకెళుతోందని: మాన్యుమెంట్ పక్కనుంచి, సెయింట్ పాల్స్, ఫ్లీట్ స్ట్రీట్, స్ట్రాండ్. చార్జీ 1.75. పొద్దున ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న చోటే ఇప్పుడు ఒక తల్లి పిల్లవాడికి ఎక్కాలు అప్పజెప్పిస్తోంది, ఒక కుర్రాడు టై విప్పి జేబులో కుక్కుతున్నాడు. టూరు బస్సుకు పెట్టిన డబ్బు దండగ అనను. వాన పడని మొదటి గంట నిజంగా బాగుంది. కానీ ఒక పూటకు చాలు.

దారిలో నాన్నకు, పొద్దున చెవిలో గొంతు చెప్పగా నేను అనువదించకుండా వదిలేసిన కథ చెప్పాను. 1952 డిసెంబరు 30న 78వ నంబరు బస్సు టవర్ బ్రిడ్జి దాటుతోంది. ఓడల కోసం ఆ వంతెన మధ్యకు విడిపోయి రెండు రెక్కలుగా పైకి లేస్తుంది. ఆ రోజు హెచ్చరిక సరిగా అందక, బస్సు ఇంకా దక్షిణపు రెక్క మీద ఉండగానే అది లేవడం మొదలైంది. డ్రైవరు ఆల్బర్ట్ గంటర్ వేగం పెంచి, మూడడుగుల ఖాళీ మీదుగా బస్సును దూకించి, ఆరడుగుల దిగువన ఇంకా లేవని ఉత్తరపు రెక్క మీద దింపాడు. ఎవరికీ పెద్ద దెబ్బలు తగలలేదు. ఆయనకు బహుమానంగా పది పౌండ్లిచ్చారు.

నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. మా స్టాపు వస్తుండగా, "ఆ 78 ఇంకా నడుస్తోందా?" అన్నారు.

మూడో రోజు

నడుస్తోంది, కానీ రేపు. ఇవాళ నా వంతు అని చెప్పి 24లో టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ దాకా వెళ్లి, అక్కడినుంచి నడిచి బ్రిటిష్ మ్యూజియంకు చేరాం. ప్రవేశం ఉచితం. 1759లో తెరిచిన మ్యూజియం. అంతా చూడాలంటే నాలుగు రోజులూ ఇక్కడే పడుకోవాలి. మేం తిన్నగా 33వ నంబరు గదికి, దాని చివరనున్న 33ఏకి వెళ్లాం. గాజు గోడల వెనక, లేత వెలుగులో, అమరావతి స్తూపపు పాలరాళ్లు.

పాలరాయి అనడం అలవాటు గానీ అది పల్నాటి సున్నపురాయి. 1845లో వాల్టర్ ఎలియట్ అనే అధికారి తవ్వించాడు. ఓడెక్కి లండన్ చేరి, కొన్నేళ్లు అటూ ఇటూ ఉండి, 1880లో ఈ మ్యూజియంకు వచ్చాయి. అందులో ఒక పలక ముందు నేను ఎక్కువసేపు నిలబడ్డాను. దాని మీద స్తూపం మొత్తం చెక్కి ఉంది: అండమనే గుండ్రటి గుమ్మటం, ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, ఎగురుతూ వచ్చే గంధర్వులు. అసలు స్తూపం ఎలా ఉండేదో ఊహించడానికి ఈ రాయే పెద్ద ఆధారం. వింత ఏమిటంటే అది రెండుసార్లు వాడిన రాయి. వెనకవైపు మూడు, నాలుగు వందల ఏళ్ల ముందటి శిల్పముంది: బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం. బుద్ధుణ్ణి ఇంకా మనిషి రూపంలో చెక్కని కాలం అది. తర్వాతివాళ్లు అదే పలకను తిప్పి రెండోవైపు చెక్కారు.

నాన్న బెంచీ మీద కూర్చుని చూస్తున్నారు. "నిన్న వజ్రమూ కృష్ణ ఒడ్డుదే, ఇవాళ ఈ రాళ్లూ కృష్ణ ఒడ్డువే. మనకంటే ముందే వచ్చి కూర్చున్నాయి." కోపంగా అన్నారా, ముచ్చటగా అన్నారా తెలియలేదు. అడగలేదు. నాకు మాత్రం కడుపులో ఏదో మెలిపెట్టింది. ఇంత జాగ్రత్తగా ఉంచారన్న తృప్తి ఒకవైపు, ఇక్కడెందుకు ఉన్నాయన్న బాధ ఒకవైపు.

మధ్యాహ్నం 9వ నంబరు బస్సు. పిక్కడిల్లీ, గ్రీన్ పార్కు, హైడ్ పార్కు మూల, నైట్స్‌బ్రిడ్జి దుకాణాలు, 1871లో తెరిచిన గుండ్రటి రాయల్ ఆల్బర్ట్ హాలు. చూసినవి చాలానే ఉన్నాయి గానీ, రాళ్ల గది నుంచి వచ్చాక ఏదీ మనసుకు పట్టలేదు. సగం దారి నిద్రపోయాను. నాన్న లేపి, "నీ గుండ్రటి హాలు దాటిపోయింది" అన్నారు.

నాలుగో రోజు

నాన్న ఆరింటికే తయారు. విక్టోరియాలో 26 పట్టుకుని లివర్‌పూల్ స్ట్రీట్ దాకా వెళ్లి, అక్కడ 78 ఎక్కాం. నడుపుతున్నది ఒక స్త్రీ, యాభై ఏళ్లుంటాయి. నాన్న కార్డు ఆనిస్తూ ఆమెకు నమస్కారం పెట్టారు. ఆమె తలూపింది.

టవర్ బ్రిడ్జి మొదట్లో ఎర్ర దీపం పడింది. ముందు గేట్లు మూసుకున్నాయి. నేను కావాలని ఎంచుకున్న వేళ ఏమీ కాదు. వంతెన ఏడాదికి ఎనిమిది వందల సార్లు దాకా లేస్తుంది, ఆ వేళలు ముందే ప్రకటిస్తారు, నేను చూడలేదు. ఈసారి నా నిర్లక్ష్యం కలిసొచ్చింది. బస్సు ఇంజను ఆగింది. ముప్పై అడుగుల కంటే ఎత్తయిన తెరచాప స్తంభమున్న పడవ ఏదైనా ఒక రోజు ముందు చెబితే చాలు, దాని కోసం రోడ్డంతా ఆగాల్సిందే. నదికే మొదటి హక్కు.

ముందు సీటు అద్దంలోంచి చూస్తుండగా, రోడ్డు మధ్యలో ఒక సన్నని గీత కనిపించింది. గీత చీలికయింది. తారు, తెల్ల గీతలు, పక్కనున్న ఫుట్‌పాత్, అన్నీ అతుక్కుని ఉండగానే రోడ్డు లేచి నిలబడింది, ఎవరో తలుపు తెరిచినట్టు. ఆ సందులోంచి రెండు తెరచాప స్తంభాలు మెల్లగా జరిగిపోయాయి. వెనక సీట్లో కుర్రాడు ఫోను మీంచి తలెత్తలేదు.

"అప్పుడాయన బ్రేకు ఎందుకు వేయలేదో తెలుసా?" అన్నారు నాన్న, కళ్లు వంతెన మీదే ఉంచి. "వేస్తే బండి అంచు మీద ఆగుతుంది. రెక్క లేస్తూనే ఉంటుంది. నిమిషంలో వెనక్కి జారడం మొదలవుతుంది. వెనక ఏముందో అద్దంలో చూసే టైము లేదు. ముందు ఏముందో కనిపిస్తోంది. కనిపించేవైపే పోవాలి." కాసేపాగి, "పది పౌండ్లా..." అన్నారు. ఎక్కువనో తక్కువనో చెప్పలేదు.

గేట్లు తెరుచుకున్నాక బస్సు ఆ అతుకు మీదుగా టకటక మంటూ దాటింది. నాన్న చేతులు తొడల మీద ఉన్నాయి. కుడి పాదం కాస్త ముందుకు నొక్కడం నేను చూశాను.

వంతెన అవతల దిగి, కాస్త నడిచి 188 పట్టుకున్నాం. గంట గడువులో ఇంకా ఆరు నిమిషాలు మిగిలున్నాయి. చార్జీ పడలేదని నాన్న నాకంటే ఎక్కువ సంతోషించారు. డెట్‌ఫోర్డ్ మీదుగా గ్రీనిచ్. 1869లో నీళ్లలోకి దిగిన టీ ఓడ కట్టీ సార్క్ దగ్గర దిగి, కొండ మీదికి మెల్లమెల్లగా, మూడు చోట్ల కూర్చుంటూ ఎక్కాం. అక్కడున్న అబ్జర్వేటరీ, అంటే ఖగోళ పరిశీలనశాల, కప్పు మీద ఒక స్తంభానికి ఎర్రటి బంతి ఉంది. నదిలో ఓడలవాళ్లు గడియారాలు సరిచేసుకోవడానికని 1833లో పెట్టారు. పన్నెండూ యాభై అయిదుకు సగం పైకెక్కింది, యాభై ఎనిమిదికి కొసకు చేరింది, సరిగ్గా ఒంటిగంటకు కిందికి జారింది. నాన్న తన చేతిగడియారం చూసుకుని ముల్లు అర నిమిషం జరిపారు.

సాయంత్రం తిరుగు 188లో, ఎలిఫెంట్ అండ్ కాసిల్ దగ్గర, ఇన్ని రోజులూ స్టాపుల పేర్లు చెప్పిన ఆడగొంతే చల్లగా ఒక మాట చెప్పింది: ఈ బస్సు గమ్యం మారింది, తర్వాతి ప్రకటన వినండి. మా బస్సు నది దాటదట, వాటర్‌లూలోనే ఆగిపోతుందట. ఎవరూ గొడవ పడలేదు. ఒకాయన నిట్టూర్చి గొడుగు తీసుకున్నాడు. వాటర్‌లూ వంతెనకు ఇవతల అందరం దిగాం.

అక్కడినుంచి వంతెన మీద నడిస్తే ఒక పక్క సెయింట్ పాల్స్, ఇంకో పక్క పార్లమెంటు, రెండూ కనిపిస్తాయి. లండన్‌లో అంతకంటే మంచి సాయంత్రం దొరకదని నేను ముందే చదివి ఉన్నాను. వాన వెలిసి ఎండ కూడా వచ్చింది. "రండి నాన్నా" అన్నాను.

"ఉండు" అన్నారు. మేం దిగిన ఖాళీ బస్సు, వంతెన మొదట్లోని పెద్ద రౌండబౌట్‌లో వెనక్కి తిరగడానికి చోటు కోసం చూస్తోంది. టాక్సీలు దారివ్వడం లేదు. నాన్న రెయిలింగుకు ఆనుకుని నిలబడ్డారు. "ఒక్క తిప్పులో తిప్పుతాడా, లేదా రెండా?"